మూడో కడీ మీది పాలపిట్ట

జఫర్‌గఢ్‌లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఫోటో ఎల్లేశ్ చెయ్యి పడని ఇల్లు లేదు. పెళ్లి ఫోటో అయినా, పింఛను కాగితానికి అంటించినదైనా, దండ వేసి గోడకు తగిలించినదైనా, తిప్పి చూస్తే వెనక అతని స్టూడియో ముద్ర ఉంటుంది. ఇరవై ఆరేళ్లుగా ఈ జనమంతా అతని ముందు స్టూలు మీద కూర్చుని, దగ్గి, జుట్టు సర్దుకుని, "అన్నా, జర మంచిగ రానియ్యి" అని బతిమాలుకున్నవాళ్లే. అతనూ రానిచ్చాడు. నలుపును కాస్త తగ్గించాడు, మొటిమలు చెరిపేశాడు, పొలం గట్టు తగాదాలో మాటలు మానేసిన అన్నదమ్ములను భుజాలు ఆనించి నవ్వించాడు.

అయితే అతనికి అసలు పేరు తెచ్చిపెట్టింది చచ్చినవాళ్ల కళ్లు తెరవడం. సెల్‌ఫోన్లు రాకముందు ఊళ్లలో సగం మంది ముసలివాళ్లకు ఒక్క ఫోటో కూడా ఉండేది కాదు. ప్రాణం పోయాక ఇంటివాళ్లకు గుర్తొచ్చేది. ఎల్లేశ్‌కు కబురు చేసేవారు. అతను వెళ్లి, శవాన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టిన చోటే ఫోటో తీసి, స్టూడియోకు వచ్చి కంప్యూటర్లో ముక్కులో దూది తీసేసి, తెల్ల చొక్కా తొడిగి, కళ్లు తెరిచేవాడు. పెంటమ్మ అనే ముసలామె భర్తకు అట్లాగే తెరిచాడు. కళ్లు నిజానికి ఆయన తమ్ముడివి. పెంటమ్మ ఆ పటాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసి, "నన్నే చూస్తున్నట్టున్నడు బిడ్డా" అంది. ఆ మాటకు ఎల్లేశ్ వారం రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాడు. అబద్ధం అంత బాగా అతికినందుకు సిగ్గుపడాలని అప్పట్లో అతనికి తోచలేదు.

తర్వాత ఫోన్లు వచ్చాయి. ఎవరి ముఖం వాళ్లే తెల్లగా చేసుకోవడం నేర్చారు. పెళ్లిళ్లకు హన్మకొండ నుంచి డ్రోన్లు వేసుకుని కుర్రాళ్లు దిగారు. ఎల్లేశ్‌కు పాస్‌పోర్టు సైజు ఫోటోలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు మిగిలాయి. అట్లాంటి రోజుల్లో మహదేవపూర్‌లో దూరపు చుట్టాల పెళ్లికి వెళ్లి, తెల్లారగానే గోదావరి ఒడ్డుకు పోయాడు. నీళ్ల మీద కొంగలు లేచాయి. ఊరికే కెమెరా ఎత్తి నొక్కాడు. నలభై ఫోటోలు తీస్తే నలభైలోనూ ఆకాశమే ఉంది, కొంగ లేదు. ఒక దాంట్లో మాత్రం మూలకు రెండు కాళ్లు వచ్చాయి. ఇరవై ఏళ్లకు పైగా కెమెరా పట్టినవాడికి ఇంతకంటే అవమానం ఉండదు. కానీ ఎల్లేశ్‌కు అవమానం కాలేదు, ఆశ పుట్టింది. అతని కెమెరా వైపు చూడని ప్రాణిని, మంచిగ రానియ్యమని అడగని ప్రాణిని అతను మొదటిసారి చూశాడు.

హన్మకొండలో ఒకాయన మోజు తీరి వదిలేసిన టెలిఫోటో లెన్సును తెచ్చుకున్నాడు. మోచెయ్యంత పొడుగు, చంటిపిల్లంత బరువు. ఊళ్లో దానికి ఫిరంగి అని పేరు పెట్టారు. "ఫిరంగి తీస్కోని ఏ యుద్ధానికి పోతున్నవే ఎల్లన్నా" అని హోటల్ దగ్గర కూర్చున్నవాళ్లు రోజూ అడిగేవారు. భార్య శోభారాణి కుట్టుమిషను మీద నుంచి తల ఎత్తకుండానే అంది: "మనుషులు పెండ్లిల్లకు పిలుస్తలేరని పిట్టల పెండ్లిల్లకు పోతున్నవా? అవి నిన్ను ఆల్బం అడుగుతయా?"

"అడగయి," అన్నాడు ఎల్లేశ్. "గందుకే పోతున్న."

వెళ్లేది పెంటమ్మ పొలానికి. చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి దాటాక ఆమెకు రెండెకరాల వరి ఉంది. గట్టు పొడుగునా కడీలు పాతి ఉంటాయి, అంటే కంచె కోసం నిలబెట్టిన రాతి స్తంభాలు. ఆ చివర పిడుగు పడి తల పోయిన తాటిచెట్టు ఒకటి మోడుగా నిలబడి ఉంది. మోడు పైన తొర్రలో పాలపిట్టల జంట ఏటా పిల్లలు చేసేది. కల్లు గీసే కాటమయ్య ఆ మోడును కొట్టి, దాటడానికి కాలువ మోరీ మీద వేద్దామని నాలుగేళ్లుగా అడుగుతున్నాడు. పెంటమ్మ ఒప్పుకోలేదు. దసరానాడు పాలపిట్టను చూస్తే ఏడాదంతా గెలుపే అని ఇక్కడ అందరూ నమ్ముతారు. జమ్మిచెట్టుకు మొక్కి, ఊరి బయట తల పైకెత్తి కరెంటు తీగలన్నీ వెతుక్కుంటారు. పెంటమ్మకు ఆ బాధ లేదు. "నాకు జమ్మికాడికి పోయే కాళ్లు లెవ్వు. అదే నా కడీ మీదికి వస్తది," అనేది. భర్త పోయిన ఏడాది, బోరు ఎండిన ఏడాది, మోకాళ్లు పోయిన ఏడాది కూడా ఆమె పాలపిట్టను చూసింది. గెలిచిందేమీ లేదు. అయినా చూడని దసరా ఒక్కటీ లేదని చెప్పుకునేది.

కూర్చున్నప్పుడు పాలపిట్ట ఏమంత గొప్పగా ఉండదు. మట్టి రంగు మెడ, పెద్ద తల, ఎవరి మీదో అలిగినట్టు ఒక కూర్చోవడం. రెక్క విప్పిందా, లేత నీలమూ ముదురు నీలమూ ఒక్కసారి బయటపడతాయి. ఆ విప్పిన క్షణం కావాలి ఎల్లేశ్‌కు. ఏప్రిల్‌లో మగది ఆడదాని కోసం నిటారుగా పైకి లేచి, అక్కడి నుంచి అరుచుకుంటూ పల్టీలు కొడుతూ కిందికి దూకుతుంది. ఆ దూకుడులో, రెండు రెక్కలూ పూర్తిగా విప్పి, కన్ను స్పష్టంగా కనబడే ఒక్క ఫోటో. అంతకంటే అతను దేవుణ్ణి ఏమీ అడగలేదు.

మొదటి ఏడాది ఏమీ రాలేదు. రెండో ఏడాది తోక వచ్చింది. మూడో ఏటికి అతను పిట్టను చదవడం నేర్చాడు. ఎగరబోయే ముందు రెట్ట వేస్తుంది, వేసిందంటే వేలు మీట మీద ఉండాలి. గాలికి ఎదురుగానే లేస్తుంది, కాబట్టి గాలి ఎటుందో ముందు చూసుకోవాలి. పిట్టను గురిచూస్తే దొరకదు, అది పోబోయే చోటు మీద గురి పెట్టాలి. సాయంత్రం నాలుగు దాటాక అది వచ్చి మత్తడి వైపు నుంచి మూడో కడీ మీదే కూర్చుంటుంది, రెండో దాని మీద కాదు, నాలుగో దాని మీద కాదు. మగదాని ఎడమ రెక్కలో ఒక ఈక తెల్లగా ఉంటుంది, పుట్టుమచ్చ లాగా. ఇవన్నీ ఈ భూమ్మీద తెలిసిన మనిషి ఎల్లేశ్ ఒక్కడే. ఎవరైనా అడిగితే చెబుదామని అతని నాలుక దురద పెట్టేది. ఎవరూ అడగలేదు.

మొన్నటి ఏప్రిల్‌లో ఫోటో పడింది. తాటిమోడు మీద నుంచి దూకుతున్న మగపిట్ట, విప్పిన రెండు రెక్కలు, తెల్ల ఈక, కంట్లో పొద్దు. ఎల్లేశ్ గట్టు మీద అట్లాగే కూలబడ్డాడు. కళ్లు తుడుచుకుని, వరిమడి ఒడ్డున కలుపు తీస్తున్న పెంటమ్మ దగ్గరికి పరుగెత్తి కెమెరా వెనక తెర చూపించాడు.

పెంటమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని చూసింది. "గిన్ని రంగులున్నయా దీనికి. కూసున్నప్పుడు దాసుకుంటది గావొచ్చు," అంది. తెరను వేలితో తాకి, ఆ వేలు కళ్లకద్దుకుంది. ఎల్లేశ్‌కు ఇరవై ఆరేళ్లలో అందిన బహుమానం ఏదైనా ఉందంటే అది అదే.

ఫోటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. జనం తీసుకుని తమ తమ స్టేటస్‌లలో పెట్టుకున్నారు. ఎవరు తీశారని మాత్రం ఎవరూ పెట్టలేదు. సరే, అది మామూలే.

దసరా పది రోజులుందనగా ప్రదీప్ స్టూడియోకు వచ్చాడు. ఊరి యువజన సంఘానికి పెద్ద, రేపో మాపో సర్పంచు కావాలని ఇవాళే తెల్లబట్టలు కుట్టించుకున్నవాడు. ఫ్లెక్సీల పని ఎల్లేశ్‌కే ఇచ్చేవాడు, మాట కూడా మర్యాదగానే ఉండేది. బల్ల మీద చేతులు ఆనించి అడిగాడు.

"అన్నా, గా పిట్ట ఫోటో నువ్వే తీసినవట గద. ఏడుంటది గది? ఈసారి జమ్మికాడికి వచ్చే జనానికి పాలపిట్టను సూపియ్యాలె అని నా మొక్కు. రెండేండ్ల సంది మనూరోల్లకు దర్శనమే లేకపాయె."

ఇక్కడొక కట్టుబాటు ఉంది. దసరాకు పాలపిట్ట జాడ అడిగినవాడికి లేదనకూడదు. దాచుకుంటే చూసిన పుణ్యం కూడా పోతుందంటారు. వేరే ఏ ఊరివాడైనా ఇంత గుడ్డిగా చెప్పేవాడు కాదేమో. ఎల్లేశ్ ఈ ఊరివాడు. పైగా ఇన్నాళ్లుగా నాలుక చివర పెట్టుకుని తిరుగుతున్న మాట. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఫోటో కవరు వెనక బొమ్మ గీసి మరీ చెప్పాడు.

"మత్తడి దాటినంక పెంటమ్మ పొలం. మత్తడి దిక్కెల్లి మూడో కడీ, యాది పెట్టుకో, మూడోది. నాలుగు కొట్టినంక వస్తది. మిడతలంటే పానం దానికి. రెట్ట ఏసిందంటే లేస్తది. గాలికి ఎదురు పోతది. జనాన్ని జర దూరంగ నిలవెట్టు తమ్మీ, బెదురుతది."

ప్రదీప్ ఒక్క మాట కూడా అడ్డు తగలకుండా విన్నాడు. బొమ్మను ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. పక్షుల గురించి ఎల్లేశ్ చెబుతుంటే అంత శ్రద్ధగా విన్న మనిషి అతని జీవితంలో అంతకు ముందు లేడు. ఆ రాత్రి అన్నం దగ్గర శోభారాణికి సంబరంగా చెప్పుకున్నాడు. "ఊరంతా పొలం కాడికి వస్తరట, ఎగిరేది సూస్తరట." శోభారాణి కూడా ఈసారి వెక్కిరించకుండా విని, కూర వడ్డించింది.

పండుగ ఇంకా రెండు రోజులుండగా పొలానికి వెళ్తే మూడో కడీ ఖాళీగా ఉంది. ఆడపిట్ట ఒక్కతే దూరాన కరెంటు తీగ మీద కూర్చుని గరగర అరుస్తోంది.

"నిన్నటి సంది కనవడ్తలేదు బిడ్డా," అంది పెంటమ్మ. "ఎవలో ఇద్దరు బండి మీద వచ్చి కడీలకాడ తిరిగిన్రు. కరెంటోల్లు గావొచ్చు అనుకున్న."

ఎల్లేశ్ కడీ దగ్గరికి వెళ్లాడు. రాతి మీద పుల్ల కట్టిన దారం ముక్క వేలాడుతోంది. దాని చుట్టూ నల్లటి జిగురు. జిగురులో మిడత కాలు ఒకటి, లేత నీలం నూగు కొంచెం. జిగురంటే ఏమిటో తెలియని మనిషి కాదు అతను. పాలపిట్టను పట్టడం నేరమని ప్రతి దసరాకు ముందు పేపర్లో వేస్తూనే ఉంటారు, అతను చదువుతూనే ఉంటాడు. అక్కడే నిలబడి ప్రదీప్‌కు ఫోన్ చేసి ఉండవచ్చు. బండి తిప్పుకుని అతని ఇంటికి వెళ్లి ఉండవచ్చు. అటవీశాఖకు చెప్పి ఉండవచ్చు. చెబితే, జాడ ఎవరిచ్చారని మొదట అడుగుతారు. ఆ మాట ఊళ్లో తిరిగి తిరిగి పెంటమ్మ చెవిన పడుతుంది.

"ఏంది బిడ్డా అది?" అని గట్టు మీద నుంచి అడిగింది పెంటమ్మ.

"ఏం లేదవ్వా, సాలీడు గూడు," అన్నాడు. జిగురును రాయితో గీకి, చేతులు కాలువలో కడుక్కున్నాడు. ఎంత కడిగినా రెండు వేళ్లు అంటుకుంటూనే ఉన్నాయి.

దసరా సాయంత్రం జమ్మి దగ్గర ఊరు ఊరంతా ఉంది. ఫోటోల పని ఎల్లేశ్‌దే, రానని చెప్పడానికి సాకు దొరకలేదు. పూజ అయ్యాక ప్రదీప్ మైకు అందుకుని పాలపిట్ట దర్శనం అన్నాడు. ఎర్ర గుడ్డ కప్పిన పంజరం తెచ్చి బల్ల మీద పెట్టారు. గుడ్డ తీశారు. జనం చేతులు జోడించారు, పిల్లలను ఎత్తి చూపించారు, పాలపిట్ట తల ముడుచుకుని మూల కూర్చుంది. ఎగిరిపోకుండా రెక్కలను తెల్లదారంతో కట్టారు. కడీ మీది జిగురు ఈకల మీద ఎండి గడ్డకట్టింది.

నొక్కాడు ఎల్లేశ్. అదే అతని పని కదా.

"అన్నా, ఇగ ఇడుస్తున్న," అన్నాడు ప్రదీప్ దారం తెంపుతూ. "నీకు ఎగిరే ఫోటోలంటే ఇష్టం గద. నేను, పిట్ట ఇద్దరం రావాలె. మల్ల మల్ల ఇడువరాదు, సూస్కో."

ఎల్లేశ్ ఫిరంగి ఎత్తాడు. ప్రదీప్ రెండు చేతులతో పిట్టను పైకి విసిరాడు. పైకి పోయినంత వరకు అది విసురుకు పోయింది. అక్కడ రెక్కలు విప్పింది. కుడిది సగమే విప్పుకుంది. ఎడమది పూర్తిగా విప్పుకుంది, అందులో తెల్ల ఈక కనిపించింది. ఎల్లేశ్ వేలు దానంతట అదే నొక్కేసింది, వరసగా పద్దెనిమిది ఫోటోలు. పందొమ్మిదో దానికి పిట్ట నేల మీద ఉంది.

జనం అప్పటికే ఒకరికొకరు జమ్మి ఆకు పెట్టుకుని, కౌగిలించుకుని అలయ్ బలయ్ ఇచ్చుకుంటున్నారు. కాళ్ల మధ్య కొట్టుకుంటున్న పిట్టను ఎల్లేశ్ వంగి తీసుకుని, లెన్సు పెట్టే అరలో పెట్టి బ్యాగు మూత సందు వదిలాడు. ఇంత కాలం మోసిన లెన్సు బరువు ముందు అదొక బరువే కాదు. చెరువు కట్ట దాకా కదిలింది. మత్తడి దగ్గర బండి ఆపి చూస్తే కదలడం లేదు. అక్కడే, పెంటమ్మ పొలానికి కనబడని వైపున, రాయితో గుంట తీసి పూడ్చాడు. లెన్సు అరలో రెండు నీలపు ఈకలు మిగిలాయి. వాటిని దులపలేదు.

మర్నాడు పొద్దున్నే ప్రదీప్ వచ్చాడు. ఫోటోలన్నీ చూసి పదకొండో దాని దగ్గర ఆపించాడు. పైకెత్తిన అతని చేతులు, వాటి పైన పిట్ట. ఎగరడానికీ పడడానికీ కదలికలోనే తేడా. ఫోటోలో కదలిక ఉండదు.

"గిదే. దసరా ముచ్చట ఏడాదంత యాదుండాలె, బస్టాండుకాడ పెద్దగ పెట్టిద్దాం. గా కుడి రెక్క జర సాఫ్ చెయ్యన్నా, మురికున్నట్టు కొడుతుంది."

"పిట్ట సచ్చిపోయింది తమ్మీ," అన్నాడు ఎల్లేశ్.

ప్రదీప్ నిజంగానే బాధపడ్డాడు, అది చెప్పాలి. "పట్టినోల్లకు జిగురు తక్కువ పెట్టున్రి అని చెప్పిన అన్నా. నీ బొమ్మ సూసి పావుగంటల పట్టిన్రట, గంత కరెక్టుగ చెప్పినవ్ నువ్వు." ఆగి, మళ్లీ అన్నాడు. "సచ్చిందని ఊల్లె తెలుస్తే బాగుండది. నాకూ బాగుండది, నీకూ బాగుండది. ఎగిరినట్టే ఉండని."

బెదిరింపు అందామంటే గొంతులో బెదిరింపు లేదు. ఎల్లేశ్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కుడి రెక్క మీద జిగురు చెరిపితే రెక్కే లేకుండా పోతోంది. ఏప్రిల్ ఫోటో తెరిచాడు. మూడేళ్లు గట్టు మీద ఎండకు ఎండి సంపాదించిన ఫోటో. అందులోంచి కుడి రెక్కను కత్తిరించి, ఈ పిట్టకు తెచ్చి అతికించాడు. కన్ను కూడా మూతపడుతున్నట్టు ఉంటే ఏప్రిల్ కన్నే పెట్టాడు. అతుకు ఎక్కడా తెలియలేదు. ఈ పనిలో అతనికి పెట్టింది పేరు కదా.

ఫ్లెక్సీ బస్టాండు దగ్గర లేచింది. ఊరికి శుభాకాంక్షలు చెబుతూ ప్రదీప్, అతని చేతుల్లోంచి ఆకాశంలోకి పాలపిట్ట. ఫిరంగికి ఇన్నాళ్లకు పని దొరికిందని హోటల్ దగ్గరివాళ్లు మెచ్చుకున్నారు. శోభారాణి మాత్రం బ్యాగు దులపబోయి, అరలో ఈకలు చూసి, అతని ముఖం చూసి, మూత వేసి పక్కన పెట్టేసింది. ఆ రోజంతా మిషను కుట్టలేదు.

వారం తర్వాత పింఛను కోసం ఆటోలో వచ్చిన పెంటమ్మ ఫ్లెక్సీ కింద నిలబడిపోయింది. అక్కడి నుంచి తిన్నగా స్టూడియోకు వచ్చి గడప మీద కూర్చుంది.

"మన పిట్టే గద బిడ్డా? తెల్ల ఈక ఉన్నది."

"మనదే అవ్వా."

"పట్టుకున్న పాపపోల్లు ఎవలో గని, ఇడిసిపెట్టిన్రు. అంతే సాలు. మంచిగ ఎగిరింది గద?"

చెప్పడానికి అతనికి అదే అదను. ఇంకో అదను రాదని కూడా తెలుసు. "మంచిగ ఎగిరిందవ్వా," అన్నాడు.

"అయితే వస్తది తియ్. కాటమయ్య మల్ల వచ్చిండు, మోడు కొడుతనని. నా పానం పొయ్యేదాక కొట్టొద్దని చెప్పిన. అది వచ్చి ఇల్లు లేదని సూస్తే ఏమనుకుంటది?" మోకాళ్లు పట్టుకుని లేచింది. "ఈసారి దసరాకు నాకు దర్శనం కాలే బిడ్డా. ఒక్కసారి నీ ఫిరంగి తీస్కోని రా. నా కండ్లకు దూరం ఆనుతలేదు."

వెళ్లకపోతే అనుమానం వస్తుందని వెళ్లాడు. మనసు లాగి వెళ్లాడంటే అబద్ధమవుతుంది. నాలుగు దాటింది. పెంటమ్మ అతని చెయ్యి పట్టుకుని గట్టు మీద నిలబడి, వేలు చాపింది. మూడో కడీ మీద మట్టి రంగులో ఏదో కూర్చుని ఉంది.

"జర సూడు బిడ్డా. గదేనా?"

ఎల్లేశ్ లెన్సు కంటికి ఆనించాడు. ఆడపిట్ట. మగది కూర్చున్న చోటే కూర్చుని, మత్తడి వైపు చూస్తోంది. రెట్ట వేసింది. గాలికి ఎదురుగా లేచి రెక్కలు విప్పింది, రెండూ పూర్తిగా, పొద్దు వాటిలోంచి కనబడేటట్టు. ఏ ఏప్రిల్‌లోనూ ఇంత దగ్గరగా, ఇంత స్పష్టంగా పడలేదు. ఎడమ రెక్కలో ఈకలన్నీ నీలమే. వేలు మీట మీదే ఉంది, నొక్కలేదు.

"గదేనా?" అని పెంటమ్మ మళ్లీ అడిగింది.

"అదేనవ్వా," అన్నాడు ఎల్లేశ్.

పెంటమ్మ అతని చెయ్యి వదిలి, రెండు చేతులూ ఎత్తి ఆకాశం వైపు మొక్కింది. "నువ్వు సూస్తే నేను సూసినట్టే బిడ్డా," అంది.